బీఎస్-6 లారీ అయినా సైట్ గేటు ఎందుకు తెరవలేదు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైన లారీల గురించే. ముఖ్యంగా ఢిల్లీ వైపు కట్టడాలకు సరుకు తోలేవాళ్లవి. బీఎస్ అంటే కొత్త బండి ఎంత పొగ వదలొచ్చో చెప్పే ప్రభుత్వ ప్రమాణం; నంబర్ పెరిగేకొద్దీ హద్దు కఠినం, బీఎస్-6 కొత్తది, బీఎస్-4, బీఎస్-3 పాతవి. విడివిడిగా జవాబులు రాస్తే ఒకే మాట పదిసార్లు చెప్పాల్సి వస్తుంది కాబట్టి వాటన్నిటినీ ఈ సంచికలో ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర. గ్రానైట్ పలకలు ఢిల్లీలో పెద్ద అపార్ట్‌మెంట్ సైట్లకు పంపిస్తుంటాం. పోయిన చలికాలం పంపిన బండి బీఎస్-6. బోర్డర్లో ఎవరూ ఆపలేదు, పత్రాలు చూసి పంపేశారు. తీరా సైట్ దగ్గరికి పోతే "స్టేజ్ 3 పెట్టారు, ఇప్పుడు దించుకోం" అన్నారు. డ్రైవర్ రోజుల తరబడి రోడ్డు పక్కనే పడుకున్నాడు. బండి కరెక్ట్‌గానే ఉంది కదా, మరి తప్పు ఎవరిది? హాల్టింగ్ డబ్బులు ఎవరివ్వాలి?

జవాబు: అక్కడ నిబంధన ఒకటి కాదండీ, రెండు. ఒకటి లారీ మీద, ఇంకోటి సైట్ మీద. రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి కాబట్టి చాలామంది కలిపేసి చదువుతారు.

ఢిల్లీ చుట్టుపక్కల గాలి ఎంత చెడిందన్న దాన్ని బట్టి నాలుగు స్టేజీల్లో ఆంక్షలు పెట్టే పద్ధతి ఉంది, దాన్ని గ్రాప్ అంటారు. 2017 నుంచి అమల్లో ఉంది, ఇప్పుడు సీఏక్యూఎం అనే కమిషన్ దాన్ని నడుపుతోంది. కాగితం మీద లెక్క ప్రకారం గాలి నాణ్యత సూచీ 201 దాటితే స్టేజ్ 1, 301 దాటితే స్టేజ్ 2, 401 దాటితే స్టేజ్ 3, 450 దాటితే స్టేజ్ 4. మీ లారీకి సంబంధించిన పెద్ద ఆంక్ష స్టేజ్ 4లో వస్తుంది. అప్పుడు నిత్యావసరాలు మోసేవి తప్ప మిగతా లారీలను ఢిల్లీలోకి రానివ్వరు, అయితే బీఎస్-6 డీజిల్, సీఎన్‌జీ, ఎల్‌ఎన్‌జీ, ఎలక్ట్రిక్ బళ్లకు మినహాయింపు ఉంది. మీ బండిని బోర్డర్లో ఆపకపోవడానికి కారణం అదే.

సైట్ మీద ఆంక్ష మాత్రం అంతకంటే ముందే, స్టేజ్ 3లోనే మొదలవుతుంది. మట్టి తవ్వకం, పైలింగ్, కూల్చివేత, ఇటుక కట్టుబడి, రెడీమిక్స్ ప్లాంటు నడపడం, ప్లాస్టరింగ్, టైల్స్ గానీ రాళ్లు గానీ కోయడం, గ్రైండింగ్ చేయడం, పరచడం, ఇవన్నీ ఆపేయాలి. సిమెంట్, ఫ్లైయాష్, ఇసుక, కంకర, ఇటుకల్లాంటి దుమ్ము లేచే సరుకు ఎక్కించడం, దించడం కూడా ఆ జాబితాలో ఉంది. మట్టి రోడ్డు మీద కట్టడ సామగ్రి బండి నడపడం కూడా. మరి మీ గ్రానైట్ పలకలు దుమ్ము లేపే సరుకా? నన్నడిగితే కాదు. పలక దించితే దుమ్ము లేవదు, కోస్తేనే లేస్తుంది. కానీ కోత, పరుపు రెండూ ఆగిపోయిన సైట్లో ఆ పలకలు దించుకుని పెట్టుకోవడానికి జాగా, క్రేన్, మనుషులు ఎవరు పెడతారు? పైగా తనిఖీకి వచ్చినవాడు గేటు లోపల లోడు దిగుతుంటే చూశాడంటే అది పలకా కంకరా అని చర్చకు కూర్చోడు. సైట్ మేనేజర్ అందుకే భయపడతాడు. ఆయన స్థానంలో ఉంటే మీరూ అదే చేస్తారు.

ఇంకో చిక్కు ఏమిటంటే స్టేజీలు మన లారీ వేగం చూసి మారవు. 2025 డిసెంబర్ 13న పొద్దున స్టేజ్ 3 పెట్టారు, అదే రోజు సాయంత్రానికి స్టేజ్ 4 పెట్టేశారు. సూచీ 450 దాటేదాకా కూడా ఆగలేదు, ఎందుకంటే అంతకు ముందు ఏడాది డిసెంబర్లో సుప్రీంకోర్టు 350 దాటితే స్టేజ్ 3, 400 దాటితే స్టేజ్ 4 పెట్టేయమంది. మీ దగ్గర నుంచి ఢిల్లీ దాదాపు రెండు వేల కిలోమీటర్లు. లోడు ఎత్తిన రోజు ఉన్న స్టేజ్, బండి చేరేనాటికి ఉంటుందన్న గ్యారంటీ ఏమీ లేదు. ఆ డిసెంబర్లోనే ఢిల్లీ ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసి, స్టేజ్ 4 ఉన్నంతకాలం కట్టడ సామగ్రి మోసే లారీలను నగరంలోకి రానివ్వబోమని కూడా చెప్పింది. అప్పుడు బీఎస్-6 అయినా లాభం లేదు.

హాల్టింగ్ సంగతికొస్తే, రాతలో లేకపోతే ఎవరూ ఇవ్వరు. ఫోన్లో మాట్లాడుకున్న కిరాయికి ఫోన్లోనే హాల్టింగ్ ఎగ్గొడతారు. అక్టోబర్ నుంచి జనవరి దాకా ఎత్తే ప్రతి లోడుకూ ఆర్డర్ కాగితం మీద రెండు వాక్యాలు రాయించుకోండి: లోడు ఎత్తే ముందు సైట్ నుంచి "దించుకుంటాం" అని మెసేజ్ రావాలి, ఆ తర్వాత స్టేజ్ మారి బండి ఆగితే రోజుకు ఇంత అని కొన్నవాళ్లే ఇవ్వాలి. ఒప్పుకోకపోతే? ఢిల్లీ బయట, హరియాణా వైపు ఏదైనా గోడౌన్‌లో దించే ఏర్పాటు అడగండి. అదీ ఒప్పుకోకపోతే ఆ ఆర్డర్ ఫిబ్రవరిలో చూసుకోవచ్చు, రాయి ఎక్కడికీ పోదు.

ప్రశ్న: నాది 2018 మోడల్ బండి, 12 టైర్లు, బీఎస్-4. పొల్యూషన్ సర్టిఫికెట్ పక్కాగా ఉంది, పొగ అసలు రాదు. ఢిల్లీ లోడు ఎత్తొచ్చా? — సూర్యాపేట లారీ ఓనర్

జవాబు: పొల్యూషన్ సర్టిఫికెట్‌కీ బీఎస్ నంబర్‌కీ సంబంధం లేదు, ముందు అది తెలుసుకోండి. పొల్యూషన్ సెంటర్లో డీజిల్ బండికి చూసేది యాక్సిలరేటర్ తొక్కితే వచ్చే పొగ ఎంత నల్లగా ఉందని మాత్రమే. కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్లను అక్కడ కొలవరు. బీఎస్ అనేది మీ ఇంజిన్ పుట్టుక. ఎంత బాగా చూసుకున్నా బీఎస్-4 బండి బీఎస్-6 అయిపోదు.

ఇక తేదీలు. ఢిల్లీలో రిజిస్టర్ కాని సరుకు బళ్లలో బీఎస్-3, అంతకంటే పాతవాటిని 2025 నవంబర్ 1 నుంచి లోపలికి రానివ్వడం లేదు. బీఎస్-4 వాటికి 2026 అక్టోబర్ 31 దాకా గడువు ఇచ్చారు. ఆ గడువు కూడా మామూలు రోజులకే, స్టేజ్ 4 పెట్టిన రోజున మీ బండి బోర్డర్ దాటదు. నిషేధం ఉన్న రోజు దొరికితే ఫైన్ రూ.20,000 దాకా పడుతుంది. ఒక ట్రిప్పు కిరాయిలో మీకు మిగిలేది ఎంతో మీకే తెలుసు.

ఇంకొకటి, బండి కొన్న ఏడాది చూసి బీఎస్ చెప్పేవాళ్లను నమ్మొద్దు. దేశమంతా బీఎస్-6 తప్పనిసరి అయింది 2020 ఏప్రిల్ 1 నుంచి, కానీ ఆ ముందు నెలల్లో రెండు రకాలూ అమ్ముడయ్యాయి. ఆర్‌సీలో గానీ ఎం-పరివాహన్ యాప్‌లో గానీ ఎమిషన్ నార్మ్స్ అనే చోట ఏం రాసి ఉందో అదే లెక్క. బోర్డర్లో చూసేదీ అదే. అద్దం మీద అతికించే నారింజ రంగు స్టిక్కర్ డీజిల్ బండి అని మాత్రమే చెబుతుంది, బీఎస్-6 అని కాదు, చాలామంది డ్రైవర్లు ఆ స్టిక్కర్ చూపించి వాదిస్తుంటారు.

ఢిల్లీలోకి వెళ్లే సరుకు లారీ పర్యావరణ పరిహారం కూడా కట్టాలి. సుప్రీంకోర్టు 2015 డిసెంబర్‌లో చిన్న బళ్లకు, రెండు యాక్సిల్స్ లారీలకు రూ.1,400, మూడు యాక్సిల్స్, ఆపైన వాటికి రూ.2,600 పెట్టింది. కిరాయి మాట్లాడే ముందు తాజా రేటు కనుక్కుని అందులో కలపండి.

ప్రశ్న: చండీగఢ్ పోవాలి. ఢిల్లీలో దించేదేమీ లేదు. అయినా ఆపుతారా?

జవాబు: ఢిల్లీలోకి అసలు వెళ్లొద్దు. పల్వల్ దగ్గర తూర్పు పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే కుండ్లీ దగ్గర తేలతారు, 135 కిలోమీటర్లు. 2018లో తెరిచారు, ముఖ్యంగా మీలాంటి బళ్ల కోసమే. పడమర వైపూ ఒకటుంది. టోల్ అవుతుంది, కానీ నగరం లోపల గంటలకు గంటలు ఇరుక్కునే బాధ తప్పుతుంది.

ప్రశ్న: నేను డ్రైవర్‌ని. మా ఓనర్ బీఎస్-6 బండికి డీఈఎఫ్ (పొగను శుద్ధి చేసే యూరియా ద్రవం) ఖర్చు ఎక్కువవుతోందని, ఏదో చిన్న డబ్బా పెట్టించి దాన్ని బంద్ చేయించాడు. పికప్ బానే ఉంది. సైట్లో పట్టుకుంటారా? పట్టుకుంటే నా మీదకు వస్తుందా?

జవాబు: నిజం చెప్పాలంటే గేటు దగ్గర పట్టుకోకపోవచ్చు. ఆర్‌సీలో బీఎస్-6 అనే ఉంటుంది, పొల్యూషన్ టెస్టులో పొగ మాత్రమే చూస్తారు, ఇవి రెండూ ఈ డబ్బాను పట్టించవు. వ్యవస్థలో ఉన్న పెద్ద కంత అదే, దాన్ని దాచడం ఎందుకు.

అయితే ఆ డబ్బా చేసే పని ఏమిటో తెలుసుకోండి. బీఎస్-4 భారీ ఇంజిన్‌కి నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు కిలోవాట్ అవర్‌కు 3.5 గ్రాములు, బీఎస్-6కి 0.46 గ్రాములు. అంటే ఏడో వంతు కంటే తక్కువ. ఆ తేడా చాలా బళ్లలో వచ్చేది డీఈఎఫ్ వల్లే. అది 32.5 శాతం యూరియా కలిసిన శుద్ధమైన నీళ్లు, పొగ గొట్టంలో చల్లితే ఆ విషవాయువు నైట్రోజన్, నీటి ఆవిరిగా మారిపోతుంది. ఆ డబ్బా "డీఈఎఫ్ చల్లుతున్నాను" అని ఇంజిన్ కంప్యూటర్‌కి అబద్ధం చెబుతుంది, చల్లేది మాత్రం ఏమీ ఉండదు. ఇలాంటి బండి కాగితాల్లో కొత్తది, పొగలో బీఎస్-4 కంటే అధ్వానం కూడా కావచ్చు.

వంద లీటర్ల డీజిల్‌కి ఐదు లీటర్ల చుట్టూ డీఈఎఫ్ ఖర్చవుతుంది. ఆ డబ్బు మిగుల్చుకోబోయి వారంటీ పోగొట్టుకుంటారు. కొంతమంది ఇంకా ముందుకు పోయి పొలానికి వేసే యూరియాను నీళ్లలో కలిపి పోస్తున్నారు, అది లోపల గడ్డకట్టి కేటలిస్ట్‌ని పాడు చేస్తే వచ్చే బిల్లు చూశాక డీఈఎఫ్ చాలా చవక అనిపిస్తుంది.

చట్టం ప్రకారం ఇది అనుమతి లేకుండా బండిని మార్చడం, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఓనర్‌నే ఉద్దేశించి ఉంది. అయినా రోడ్డు మీద దొరికేది మీరు. కనీసం ఓనర్‌కి "ఇది నాకు ఇష్టం లేదు" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి ఉంచుకోండి. నోటి మాటకు రేపు సాక్ష్యం ఉండదు.

డ్రైవర్లు ఎక్కువ మంది అడిగే మరో విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. బీఎస్-6 బండిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, హైవే మీద వేడెక్కి ఆ మసిని అదే కాల్చేసుకుంటుంది. క్వారీ నుంచి సైట్‌కి చిన్న చిన్న ట్రిప్పులు కొడుతూ గేటు దగ్గర గంటల కొద్దీ ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబెడితే ఫిల్టర్ వేడెక్కదు, నిండిపోతుంది, లైటు వెలుగుతుంది. చాలామంది ఆ లైటును పట్టించుకోరు, పవర్ పడిపోయాక షోరూమ్‌కి పరుగెత్తుతారు. లైటు వెలగగానే బండి ఆపి స్విచ్ నొక్కి రీజనరేషన్ (ఆ మసిని కాల్చేయడం) చేయండి. కానీ ఎండుగడ్డి మీద, థర్మోకోల్, ప్లాస్టిక్ సామాను పక్కన మాత్రం వద్దు. ఆ సమయంలో సైలెన్సర్ నుంచి వచ్చే గాలి నిప్పు అంటించేంత వేడిగా ఉంటుంది. సైట్ వాళ్లను అడిగి ఖాళీ కాంక్రీటు నేల చూసుకోండి.

ప్రశ్న: రాజమండ్రి నుంచి వచ్చి గురుగ్రామ్‌లో సైట్ ఇంజినీర్‌గా చేస్తున్నా. మా గేటు బయట మిక్సర్ లారీలు బారులు తీరి ఉంటాయి. ఇంజిన్లు ఆపమని బోర్డు పెట్టాం, ఎవరూ ఆపరు. తనిఖీవాళ్లు ఎప్పుడొస్తారో అని టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: ఆ బోర్డు మిక్సర్ వాళ్లకు పనికిరాదు తమ్ముడూ. ట్రాన్సిట్ మిక్సర్‌లో డ్రమ్ము తిరిగేది ఎక్కువగా బండి ఇంజిన్‌తోనే. ఇంజిన్ ఆపితే డ్రమ్ము ఆగుతుంది, డ్రమ్ము ఆగితే కాంక్రీటు బిగుస్తుంది. డ్రైవర్ మొండివాడై కాదు, అతని చేతిలో ఏమీ లేక ఆపడం లేదు. రెడీమిక్స్ ప్రమాణాల ప్రకారం కలిపిన రెండు గంటల్లో పోసేయాలి, అందుకే ప్లాంటువాడు ముందు జాగ్రత్తగా బళ్లన్నీ ఒకేసారి పంపేస్తాడు, మీ పంపు ఒక్కటే కాబట్టి అవన్నీ గేటు బయట పొగ వదులుతూ నిలబడతాయి. కాబట్టి మార్చాల్సింది బోర్డు కాదు, ప్లాంటుతో మీ టైమింగ్. ఒక బండి ఖాళీ అయ్యే టైమ్ కొలిచి, ఆ ఎడంతో బళ్లు వదలమనండి, ప్లాంటులో ఒక మనిషిని, పంపు దగ్గర ఒక మనిషిని ఫోన్లో కలిపి ఉంచండి. గేటు బయట రెండు బళ్లకు మించి ఉంటే మూడోది ప్లాంటు దాటకూడదు. ఇటుక, ఇసుక, స్టీలు తెచ్చే లారీలకు మాత్రం ఆ బోర్డు వర్తిస్తుంది, వాళ్ల చేత ఆపించండి.

బండి పత్రాలు గేటు దగ్గర చూడటం మానేయండి. అక్కడ చూసి వెనక్కి పంపితే ఆ లారీ పొగ రెండింతలవుతుంది తప్ప ఒరిగేది లేదు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే బండి నంబర్ అడిగి, యాప్‌లో బీఎస్, పొల్యూషన్ గడువు చూసుకుని పాస్ ఇవ్వండి. గేటు దగ్గర నంబర్ ప్లేటు పాస్‌తో సరిపోతే చాలు.

మీ సైట్ హరియాణాలో ఉంది కాబట్టి ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోండి. పని ఆపాలన్న స్టేజ్ 3 ఆంక్ష ఢిల్లీకే కాదు, మీ గురుగ్రామ్‌తో సహా చుట్టుపక్కల జిల్లాలు కలిసిన ఎన్‌సీఆర్ మొత్తానికీ. బోర్డర్లో లారీ ఆపే నిబంధన మాత్రం ఢిల్లీలోకి వెళ్లే బళ్లది. ఢిల్లీని తాకకుండా మీ దగ్గరకొచ్చే లారీకి ఆ గొడవ లేదు, కానీ మీ గేటు లోపలి గొడవ అలాగే ఉంటుంది. మెట్రో, రైల్వే, ఆసుపత్రి, విమానాశ్రయం పనులైతే స్టేజ్ 3లో కొనసాగించుకోవచ్చు, రోడ్లు, ఫ్లైఓవర్లకు కూడా స్టేజ్ 3 దాకా వీలుంది, స్టేజ్ 4లో అవీ ఆగుతాయి. మీది ప్రైవేటు టవర్ కాబట్టి ఇవేవీ వర్తించవు. ప్లంబింగ్, కరెంటు, వడ్రంగి పనులు ఆ రోజుల్లోకి జరుపుకోండి, వాటికి అడ్డు లేదు. 20,000 చదరపు మీటర్లు దాటిన సైట్‌కి కనీసం నాలుగు యాంటీ స్మాగ్ గన్లు (దుమ్ము అణచడానికి నీటి తుంపరలు చల్లే యంత్రాలు) ఉండాలి, తనిఖీకి వచ్చినవాళ్లు ముందు లెక్కపెట్టేవి అవే. ఉంటే సరిపోదు, నీళ్లు రావాలి.

ప్రశ్న: పొలాల్లో కొయ్యకాళ్లు తగలబెట్టేవాళ్లను వదిలేసి లారీవాళ్ల మీద పడతారెందుకు?

జవాబు: కొయ్యకాళ్ల పొగ అక్టోబర్ చివర్లో, నవంబర్ సగం దాకా ఢిల్లీకి పెద్ద దెబ్బే, కాదనను. కానీ డిసెంబర్, జనవరి నాటికి ఆ మంటలు దాదాపు ఉండవు, గాలి మాత్రం అప్పుడూ 400 దాటుతుంది. అప్పుడు మిగిలేది బళ్లు, దుమ్ము, ఫ్యాక్టరీలు, చలిమంటలు. అయితే మీ కోపంలో న్యాయం లేకపోలేదు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆరా తీస్తే ఢిల్లీకి 113 దారులుంటే సీసీ కెమెరాలున్నవి 13 చోట్లేనని తేలింది. హైవే మీద కనపడే లారీ దొరుకుతుంది, సందుల్లోంచి వచ్చే పాత డంపర్ దొరకదు. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది అదే, నిబంధనలు పాటించేవాడికే ఖర్చు.

ప్రశ్న: కోకాపేటలో 40 అంతస్తుల ప్రాజెక్టుకి స్టోర్స్ చూస్తున్నా. మన హైదరాబాద్‌లో ఇలాంటి రూల్ ఏమీ లేదు కదా?

జవాబు: బీఎస్ నంబర్ చూసి లారీని నగర శివార్లలో ఆపే ఢిల్లీ తరహా పద్ధతి ఇక్కడ లేదు. పగటి పూట భారీ బళ్లకు ట్రాఫిక్ పోలీసుల వేళలు ఉన్నాయి, అది ట్రాఫిక్ కోసం. కానీ అసలేమీ లేదనుకోవద్దు.

20,000 చదరపు మీటర్లు దాటిన కట్టడానికి 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి ఉండాలి. మీ ప్రాజెక్టుకి కచ్చితంగా ఉంటుంది. ఆ అనుమతి పత్రం తెప్పించుకుని షరతులు చదవండి. సామగ్రి తెచ్చే కిరాయి వాహనాలు మంచి కండిషన్లో ఉండాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి, రద్దీ లేని వేళల్లోనే నడవాలి అనే మాట ఇలాంటి అనుమతుల్లో మామూలుగా రాస్తారు. ఆరు నెలలకోసారి పంపే నివేదికలో "పాటిస్తున్నాం" అని మీ కంపెనీయే సంతకం పెడుతుంది. పాటించారని చూపించే కాగితం ఎవరి దగ్గర ఉండాలి? గేటు రిజిస్టర్ రాసే మీ దగ్గరే. బండి నంబర్ పక్కన పొల్యూషన్ గడువు తేదీకి ఒక గడి పెంచండి. సర్టిఫికెట్ లేని బండికి ఫైన్ రూ.10,000 దాకా ఉంది, అది ఓనర్‌ది, నివేదికలో అబద్ధం మాత్రం మీ కంపెనీది.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డెలివరీల షెడ్యూల్ చూస్తాడు. అక్కడ పాత లారీలు కూడా డబ్బు కట్టి వస్తాయంటాడు. నిజమేనా? — కాకినాడ

జవాబు: నిజమే. లండన్‌లో 2008 నుంచి లో ఎమిషన్ జోన్ ఉంది. 2021 మార్చి 1 నుంచి 3.5 టన్నులు దాటిన లారీ యూరో-6 కాకపోతే రోజుకు 100 పౌండ్లు, మరీ పాతదైతే 300 పౌండ్లు కట్టాలి. మన బీఎస్-6 ఆ యూరో-6 నుంచి వచ్చిందే. రోజుకు 300 పౌండ్లు కడితే కంకర కిరాయిలో ఏమీ మిగలదు కాబట్టి పాత బళ్లు వాటంతట అవే తగ్గాయి. చాలా పెద్ద ప్రాజెక్టులు డబ్బు కట్టినా పాత లారీని గేటు లోపలికి రానివ్వవు, కాంట్రాక్టులోనే యూరో-6 అని రాసేస్తాయి. ఇది కాక 12 టన్నులు దాటిన లారీకి డ్రైవర్ సీట్లోంచి పాదచారులు ఎంతవరకు కనపడతారో చూసి ఇచ్చే స్టార్ రేటింగ్ ఒకటుంది. 2024 అక్టోబర్ నుంచి మూడు స్టార్లు ఉండాలి, లేకపోతే కెమెరాలు, సెన్సర్లు బిగించుకుని పర్మిట్ తీసుకోవాలి. మీ అబ్బాయి రోజూ చూసే జాబితాలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, కావాలంటే అడిగి చూడండి.